పరస్పర సహాయ సంఘాలు, జీవిత బీమా: చట్టం నేర్పిన పాఠం

ఇంటి పెద్ద మరణిస్తే అతని భార్యాబిడ్డలను పదిమందీ కలిసి ఆదుకోవడం మానవ సమాజానికి కొత్త కాదు. అయితే ఆ సహాయానికి చందా, గడువు, ఒప్పందం ఏర్పడినప్పుడు అది బీమా అవుతుంది. అప్పుడు సదుద్దేశం ఒక్కటే చాలదు. భారతదేశంలోని సహాయ సంఘాల చరిత్ర ఇందుకు నిదర్శనం.

1870 ప్రాంతంలో బొంబాయి మ్యూచువల్ సంఘం వెలసింది. అంతకు ముందు విదేశీ కంపెనీలు భారతీయుల వద్ద అదనపు ప్రీమియం వసూలు చేసేవి. ఈ సంఘం ఆ వివక్షను తొలగించింది. తరువాత పేదల కోసం స్వల్ప చందాలతో ప్రావిడెంట్ సంఘాలు బయలుదేరాయి. జననం, వివాహం, మరణం, అన్నిటికీ అవి బీమా కల్పించేవి.

వాటిలో కొన్ని పంపక పద్ధతిని అనుసరించాయి. చెల్లించే మొత్తం ముందుగా నిర్ణయం కాదు. నిర్ణీత కాలంలో పోగయిన సొమ్మును ఆ కాలంలో వచ్చిన క్లెయిములకు పంచుతారు. ఆ కాలంలో ఒకరే మరణిస్తే ఆ కుటుంబానికి మొత్తం దక్కుతుంది. పదిమంది మరణిస్తే పదోవంతే. కొత్త సభ్యులు చేరడం తగ్గి, ఉన్నవారు వృద్ధులయ్యేసరికి, ఏళ్ళ తరబడి చందా కట్టినవాని వితంతువుకు మిగిలేది స్వల్పమే.

1912లో ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది: ఒకటి జీవిత బీమా కంపెనీలకు, మరొకటి ప్రావిడెంట్ సంఘాలకు. ప్రీమియం పట్టికలను, నిధి మదింపును గణాంక నిపుణుడు ధ్రువీకరించాలని కంపెనీలను ఆదేశించింది. 1938 బీమా చట్టం పంపక పద్ధతిని కొత్తగా ప్రారంభించరాదని, ఉన్నదానిని మూడేళ్ళలో నిలిపివేయాలని శాసించింది. 1956లో జాతీయం చేసినప్పుడు లైఫ్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్‌లో కలిసిన 245 సంస్థలలో 75 ప్రావిడెంట్ సంఘాలే.

ఫిఖ్హ్ పండితులు బీమాలో ఆక్షేపించిన ప్రధానాంశాలలో ‘గరర్’, అంటే ఒప్పందంలోని అనిశ్చితి, ఒకటి. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ, స్థిర ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాను నిషిద్ధమని తీర్మానించి, విరాళం, సహకారం పునాదిగా గల బీమాను ప్రత్యామ్నాయంగా సూచించింది. అంతకు ముందే, 1984లో, మలేషియా తకాఫుల్ చట్టం చేసి అటువంటి సంస్థలను రిజిస్ట్రేషనుకు, పర్యవేక్షణకు లోబరచింది.

ఇక్కడ గమనించవలసినదేమంటే, విరాళమని పేరు పెట్టినంత మాత్రాన నిధి భద్రం కాదు. పంపక సంఘాలు కూడా పరస్పర సహాయం పేరుతోనే నడిచాయి. సభ్యుల సొమ్ము నిర్వాహకుల చేతిలో అమానత్. దానికి సరైన లెక్క, బహిరంగ తనిఖీ లేకపోతే నష్టపోయేది అనాథలు, వితంతువులే. ఎవరి కోసం నిధి ఏర్పడిందో వారే వట్టి చేతులతో మిగిలితే దానిని సహాయమని ఎలా అనగలం?