కుష్ఠువ్యాధి - ఛత్తీస్‌గఢ్ స్త్రీల దాంపత్యము, మాతృత్వము

భిలాయి ఉక్కు కర్మాగారమునకు సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక 1955 ఫిబ్రవరిలో కుదిరినది. అదే సంవత్సరము మే నెలలో హిందూ వివాహ చట్టము వచ్చినది. దంపతులలో ఒకరికి తీవ్రమై నయముకాని కుష్ఠువ్యాధి మూడేండ్లకు తగ్గకుండ ఉన్నచో రెండవవారు విడాకులు కోరవచ్చునని దాని పదమూడవ విభాగము. మాటవరుసకు అది స్త్రీపురుషుల కిద్దరికీ సమానమే. కాని భర్త వెంట తెలుగుదేశము విడిచి ఆ ఉక్కునగరము చేరిన ఇల్లాలికి క్వార్టరైనను, కర్మాగారపు ఆసుపత్రిలో వైద్యమైనను అతని ఉద్యోగమును బట్టి లభించినవే. వివాహము రద్దయినచో ఇల్లు, మందు రెండును ఒక్కమారే పోవును. బిడ్డలు ఎవరి వద్ద పెరుగవలెనన్న తగవు ఆపైన.

ఆ ప్రాంతమునకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. భిలాయి మీదుగా పోవు హౌరా-బొంబాయి రైలుమార్గముననే బిలాస్‌పూర్ దాటిన పిమ్మట చాంపా వచ్చును. మెనోనైటు మిషనరీ పి. ఎ. పెన్నర్ 1902లో అచ్చట కుష్ఠురోగుల ఆశ్రమమును నెలకొల్పినాడు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన ఆసుపత్రియు ఇటువంటిదే. ఊరు వెలివేసిన వారికి ఇన్ని మెతుకులు, పుండ్లకు కట్టు, తలదాచుకొన చోటు ఇచ్చిన సంస్థలివి. ఆ సేవను తక్కువ చేయరాదు. అయితే స్త్రీలను పురుషులను వేరుగా ఉంచుట, రోగము సోకని బిడ్డలను తల్లికి దూరముగా ప్రత్యేక గృహములలో పెంచుట ఆ కాలపు మిషను ఆశ్రమములలో సాధారణమైన పద్ధతి.

దీని వెనుక శాస్త్రము లేకపోలేదు. పూర్వము ఈ రోగము వంశానుగతమని నమ్మినారు; కనుక పెండ్లి కూడదన్నారు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ రోగకారకమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. 1897 నాటి బెర్లిను సమావేశము రోగులను వేరుపరచుటను సమర్థించినది. అంటురోగము గనుక బిడ్డను తీసివేయవలెనన్నారు. దీర్ఘకాల సాన్నిహిత్యము వలన శిశువునకు అపాయమన్న భయము నిరాధారమైనది కాదు గాని, తల్లి సమ్మతి అడుగవలెనన్న ఊహ రెండు సిద్ధాంతములలోను లేదు. జపానులో నైతే 1915 నుండి ఆశ్రమవాసి పెండ్లి చేసికొనవలెనన్న సంతాననిరోధ శస్త్రచికిత్సకు లోబడవలసి వచ్చెడిది.

మారన తెనిగించిన మార్కండేయ పురాణములో కుష్ఠురోగియైన కౌశికుని భార్య భుజముల మీద మోసికొని, అతడు కోరిన వేశ్య ఇంటికి బయలుదేరును. అతని ప్రాణము నిలుపుటకు సూర్యోదయమునే ఆపును. రోగి భార్యయై, మోయువాడు భర్తయైన కథను మన వాఙ్మయమున ఎంత వెదకినను దొరకుట కష్టము. సాహిత్యకారులు ఆలోచింపదగిన లోటిది.

1955 నాటికే డాప్సోను మన దేశమున వాడుకలో ఉన్నది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసినది. ఆరు నెలలలోనో ఏడాదిలోనో రోగము నయమగును. చట్టము మాత్రము ఎదురు దిక్కునకు నడచినది. 1976 సవరణ మూడేండ్ల గడువును తీసివేసి విడాకులను మరింత సులభము చేసినది. 1995 వికలాంగుల చట్టము కుష్ఠు నయమైన వారిని వికలాంగులలో చేర్చినది. ఒక చట్టమున నయమైనదని పేర్కొనబడిన రోగము వేరొక చట్టమున నయముకానిదిగానే నిలిచినది! లా కమిషను 2015లో తన 256వ నివేదికను సమర్పించిన పిమ్మట, 2019లో గాని ఈ కారణము విడాకుల చట్టములనుండి తొలగలేదు. కుష్ఠు నిర్మూలన లక్ష్యము దేశమంతటి సగటుగా నెరవేరినదని 2005 చివర లెక్క తేలినపుడు, 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఇంకను వెనుకబడియే ఉన్నది. చట్టము మారుటకు అచ్చటి స్త్రీలు ఆ పిమ్మట పదునాలుగేండ్లు వేచియుండవలసి వచ్చినది.

మాతృత్వము సంగతి వేరు. భారతదేశము 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఇరువదిమూడవ అధికరణము, బిడ్డ వైకల్యమును బట్టి గాని తల్లిదండ్రుల వైకల్యమును బట్టి గాని బిడ్డను వారినుండి వేరుచేయరాదని చెప్పుచున్నది. 2016 చట్టము పదవ విభాగము సమ్మతి లేని సంతాననిరోధ చికిత్సను నిషేధించినది. తొమ్మిదవ విభాగము మాత్రము వైకల్యముగల బిడ్డనే పేర్కొన్నది. వైకల్యముగల తల్లిని గూర్చిన మాట ఒడంబడికలో ఉన్నది గాని ఆ విభాగమున లేదు.