గణకయంత్రమున నడిమి గాదె

పూటపూటకును పాతర తీయు గృహస్థుడుండడు. కొంత ధాన్యమును గాదెకు చేర్చుకొని, అందుండి వంటయింటి కుండకు తీసికొనును. కంప్యూటరనెడి గణకయంత్రమునందును ఇట్టి నడిమి గాదె యొకటి పుట్టి, పెరిగి, అణగినది. ఆ చరిత్రమును మీకు విన్నవించుచున్నాను.

ఇందు పాతర యనదగినది డిస్కు. 1956లో ఐ.బి.యం. సంస్థవారు మొదటి డిస్కుయంత్రమును వెలువరించిరి. తిరుగుచుండెడి 50 పళ్లెములపై అయస్కాంత చిహ్నములుగా 50 లక్షల అక్షరములు నిలిచెడివి. విద్యుత్తు పోయినను వ్రాత చెడదు. కాని పళ్లెము తిరిగి, చదువు ముల్లు తగినచోటికి చేరవలెను. నేటి డిస్కునందును ఇందులకు సెకనులో ఇంచుమించు నూఱవవంతు పట్టును. కుండవంటిది ర్యామ్. అంత కాలములో దానిని లక్షసారులు చదువవచ్చును; అయితే విద్యుత్తు పోయినంతనే అందలి సర్వమును మాసిపోవును.

1965లో కేంబ్రిడ్జి పండితుడు మారిస్ విల్క్స్, పెద్ద మెమొరీకి ముందు చిన్నదియు వేగముగలదియు నగు 'దాస మెమొరీ'ని నిలుపు పద్ధతిని వివరించెను. ఇట్టిదానినే పిదప క్యాష్ అనిరి. మాటిమాటికి కావలసినదానిని చేరువ నుంచుకొనుటయే దాని మర్మము. అయితే ర్యామునే క్యాషుగా వాడి వ్రాతను అందు నిలిపినచో, అది డిస్కునకు చేరకమున్నే విద్యుత్తు పోయిన ఆ వ్రాత దక్కదు.

విద్యుత్తు లేకున్నను చెరగని ఫ్లాష్ మెమొరీని తోషిబా సంస్థయందలి ఫుజియో మసువోకా 1984లో ప్రకటించెను. 2007లో మైక్రోసాఫ్టువారి విండోస్ విస్టా, రెడీబూస్ట్ అను నేర్పాటుచే ఫ్లాష్ పుల్లను డిస్కునకు తోడుచేసినది. అందుండునది నకలే, అసలు డిస్కునందే యుండును గాన పుల్లను ఎప్పుడు లాగినను నష్టము లేదు. ఆ యేడే ఇంటెలువారు టర్బో మెమొరీని తెచ్చిరి. 2011లో వారే 64 గిగాబైట్ల వఱకు ఫ్లాషును క్యాషుగా వాడనిచ్చి, రెండు త్రోవలు చూపిరి. రెండుచోట్లను ఒక్కమాఱే వ్రాయుట మొదటిది, అది క్షేమకరము. ముందు ఫ్లాషునందు వ్రాసి, పిదప డిస్కునకు పంపుట రెండవది, అది వేగవంతము. ఈ రెండవ త్రోవలో ఫ్లాషే చెడినచో, డిస్కునకు చేరని వ్రాత పోవును.

2017లో ఆప్టేన్ వచ్చినది. 2022లో ఇంటెలువారు ఆ వ్యాపారమును చాలించుకొన నిశ్చయించిరి. కారణము స్పష్టము. ఫ్లాష్ వెల తగ్గి, పాతరయే ఫ్లాషుతో కట్టబడసాగినది. ఇంక నడిమి గాదెతో పనియేమి?

నా యభిప్రాయమున దీనినుండి మనము గ్రహింపవలసినదొకటి గలదు. క్యాషునందలి నకలు వేగమునకేగాని భద్రతకు గాదు. నేడు మన భూముల పద్దులు, బ్యాంకు లెక్కలు యంత్రములకెక్కినవి. మీ యింటి పత్రములను కంప్యూటరున దాచుకొందురేని, వేఱొక నకలును వేఱొకచోట నుంచుడు. తిండిగింజలు గాదెలో నున్నను, విత్తనములను వేఱుగా దాచు రైతునకు ఇది క్రొత్త ధర్మము గాదు.