192.168 పుట్టుపూర్వోత్తరాలు

1981లో ఖరారైన ఐపీవీ4 నియమావళి ప్రకారం నెట్‌వర్కులో చేరే ప్రతి యంత్రానికీ 32 బిట్ల చిరునామా, అంటే ఐపీ అడ్రస్, ఉండాలి కనుక ప్రపంచం మొత్తానికి దక్కేవి దాదాపు 429 కోట్లే. 1983 జనవరి 1న అమెరికా రక్షణ శాఖ నిధులతో నడిచే ఆర్పానెట్ ఈ పద్ధతికి మారేనాటికి ఆ నిల్వ తరగని గాదెలా కనిపించినా, పదేళ్లు తిరిగేసరికి కొరత భయం మొదలైంది. నేటి ఇళ్లలోని రూటర్ సెట్టింగులలో కొన్ని ఆ భయం నుంచి పుట్టినవే.

1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే సాంకేతిక పత్రం మూడు శ్రేణులను ఎవరైనా అనుమతి లేకుండా తమ నెట్‌వర్కు లోపల వాడుకోవచ్చని స్థిరపరచింది. వాటిలో 10తో మొదలయ్యేది ఒకప్పుడు ఆర్పానెట్ సొంత సంఖ్య, 1990లో ఆ నెట్‌వర్కు మూతపడ్డాక ఖాళీ అయినది. ఇళ్లకు బాగా అలవాటైనది మాత్రం 65,536 చిరునామాలున్న 192.168. ఇవి రామాలయం వీధి వంటివి: ప్రతి ఊళ్లోనూ ఉంటాయి, ఊరి పేరు లేకుండా రాస్తే ఉత్తరం చేరదు. ఆ ఊరి పేరు తగిలించే పని చిరునామా మార్పిడిది, అంటే నాట్‌ది. 1994 మేలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని స్వల్పకాలిక ఉపాయంగా వివరించారు. ఆ స్వల్పకాలం ముప్పై ఏళ్లు దాటింది.

చిరునామాను చేత్తో నింపే బాధను తప్పించినది 1993లో వచ్చిన డీహెచ్‌సీపీ. ఇందులో రూటర్ అడిగిన పరికరానికి ఖాళీగా ఉన్న చిరునామాను గడువు పెట్టి అద్దెకిస్తుంది. రూటర్ బదులు పలకకపోతే కంప్యూటర్ తనకు తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకునే ఏర్పాటు విండోస్ 98తో వచ్చింది. అందుకే చిరునామాను చూపే ఐపీకాన్ఫిగ్ ఆదేశానికి జవాబుగా ఆ అంకె కనబడితే, వెతకవలసినది వెబ్‌సైటులో లోపం కాదు, రూటర్‌కూ కంప్యూటర్‌కూ నడుమ తెగిన మాట.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి వాటాలు పంపిణీ అయిపోయాక, ఇంటర్నెట్ సంస్థలు కూడా అనేక ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనుక చేర్చే పద్ధతిని ముమ్మరం చేశాయి. 2012లో వాటికోసం 100.64 నుంచి 100.127 దాకా ఉన్న శ్రేణిని ప్రత్యేకించారు. రూటర్ స్టేటస్ పేజీలో బయటి చిరునామాగా ఆ శ్రేణిలోనిది కనిపించే ఇంట్లో సీసీ కెమెరాకు, బయటి పిలుపును లోపలి పరికరానికి మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత సరిగా పెట్టినా, పరాయి ఊరి నుంచి వచ్చే పిలుపు ఆ ఇంటి రూటర్ దాకా రానే రాదు.