వ్రేలిముద్ర వెల

మన పల్లెలలో వ్రేలిముద్ర వేయుట చిరకాలము చదువురానివారి దైన్యమునకు గుర్తుగా నుండెను. ప్రామిసరీ నోటుపై సిరా పూసిన బొటనవ్రేలు ఆనించినంతనే ఆ కాగితము షావుకారు వశమగును. అందేమి వ్రాసియున్నదో వ్రేలు గలవానికి తెలియదు. ఆ వ్రేలే ఈ శతాబ్దమున కూలిసొమ్మును గూడెమునకు రప్పించు సాధనమైనది. ఇది యెట్లు జరిగినదో, దీనివలన ఎవరికేమి మిగిలినదో విచారింపదగిన విషయము.

1858లో బెంగాలునందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర యొక కంట్రాక్టుదారునిచే ఒప్పందపత్రముపై అరచేతి ముద్ర వేయించెను. ఆ మనిషి రేపు మాట తప్పకుండుటయే దాని యుద్దేశము. 1897లో కలకత్తాలో వెలసిన వ్రేలిముద్రల కార్యాలయము నేరస్థులను గుర్తించుటకు ఏర్పడినది. మొత్తముమీద, ముద్ర వేయువానికి మేలు కోరి ఎవరును ఈ విద్యను కనిపెట్టలేదు.

ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున నున్న ములకలపల్లి ప్రాంతమున కోయగూడెములు ఒకదానికొకటి ఎడముగా నుండును. గోదావరి కావలనున్న భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది గావున, ఏజెన్సీలలో వడ్డీని, భూముల బదిలీని అదుపు చేయు 1917 నాటి చట్టము అక్కడ వర్తించెను. నైజాము ఏలుబడిలోని ఈవలి గట్టువారు అట్టి రక్షణకై 1949 వరకు వేచియుండవలసి వచ్చినది. ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయ తట్టల కెత్తుకొని సంతకు నడచి వచ్చినవారు ఆ బరువును తిరిగి మోసికొని పోలేరు. వర్తకుడు ఉప్పు కొలిచి యెంత యిచ్చిన అంతయే. తప్పుడు తూనికకంటె దారి దూరమే అతనికి ఎక్కువ లాభము తెచ్చినదని నా యభిప్రాయము. 1956లో ఆరంభమై, తరువాత తెలంగాణా ఏజెన్సీలకును విస్తరించిన గిరిజన సహకార సంస్థ ఆ వర్తకునకు పోటీగా నిలచినది గాని, దూరమును మాత్రము తగ్గింపలేకపోయినది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. తొలి విడతలోనే ఖమ్మము జిల్లా చేరినది. కూలి ఎక్కువగా తపాలా కార్యాలయముల ద్వారా ముట్టెడిది. రేడియో లైసెన్సు లున్న రోజులలో ఏటేట రుసుము కట్టుటకు అచట నిలుచుండిన పెద్దలకు ఆ వేచియుండుట ఎట్టిదో తెలియును. మనకది ఏటికొక పూట. కూలివారికి సొమ్ము తీసికొన్న ప్రతిసారియు దాదాపు రెండు గంటలు.

ఆ కాలముననే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్మార్ట్ కార్డులను ప్రవేశపెట్టెను. వ్రేలిముద్రలు నిక్షిప్తమైన కార్డు కూలివాని చేత నుండును. చిన్న యంత్రము అదే గ్రామమునందలి యొక స్త్రీ చేత నుండును. ఆమె ఉన్నతపాఠశాల చదువు ముగించి యుండవలెను, గ్రామాధికారులకు బంధువు కారాదు. బ్యాంకులకు పంచిన సొమ్ముపై నూటికి రెండు రూపాయల కమీషను ముట్టెడిది. యంత్రముకంటె ఆ స్త్రీ నివాసమే ముఖ్యమని నాకు తోచును. ఏలయన, కూలి పుచ్చుకొను చోటు ఊరిలోనికి వచ్చినది.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఖమ్మముతో సహా ఎనిమిది జిల్లాలలో దీనిని పరిశీలించి, 2016లో ఫలితములు ప్రకటించిరి. ఏయే మండలములకు ముందుగా కార్డు లియ్యవలెనో చీట్లు తీసినట్లు నిర్ణయించుటచే పోలిక నమ్మదగినదైనది. సొమ్ము తీసికొనుటకు పట్టు కాలము ప్రతిసారి 22 నిమిషములు తగ్గినది. కూలి సుమారు ఆరు నుండి పది దినములు ముందుగా చేరినది. పథకమువలన వచ్చు ఆదాయము 24 శాతము పెరిగినది. నడుమ హరించుకుపోవు సొమ్ము దాదాపు 41 శాతము తగ్గినది. కూలివారికి మిగిలిన కాలమునకు వెల కట్టినచో, అదొక్కటియే ఏర్పాటు ఖర్చుకు సరిపోయినది! 22 నిమిషములు స్వల్పమని మనకు తోచును గాని, లక్షల కుటుంబములకు దానిని హెచ్చవేసి చూడవలెను.

అయితే ఆనాడు కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లించుట మానలేదు. ఫలితము లట్లుండుటకు ఇదియు నొక కారణమని నేననుకొందును. ఝార్ఖండులో రేషనుకు ఆధారు ముద్రను తప్పనిసరి చేసినప్పుడు ఈ పండితులే మరల పరిశీలించిరి. అచట ముందుగా ఆధారు జతపరుపని కుటుంబములకు అందు సరకు విలువ పదవ వంతు తగ్గినది. కొందరికి ఏమియు దక్కలేదు.

ములకలపల్లి 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఉపాధి పనులలో 2023 జనవరి 1 నుండి హాజరును సెల్ ఫోనులో ఛాయాచిత్రము తీసి పంపవలెనని, 2024 జనవరి 1 నుండి కూలిని ఆధారు ద్వారానే చెల్లింపవలెనని దేశమంతట నిర్ణయించిరి. పార, గొడ్డలి పట్టి గీతలు అరిగిన బొటనవ్రేలును యంత్రము ఒక్కొకప్పుడు గుర్తింపదు. ఇక అడవి లోపలి గూడెములలో సిగ్నలు దొరకు చోటికి నడచిపోవు కాలము ఏ చిట్టాలోను చేరదు.