పిజ్ గ్లోరియా

స్విట్జర్లాండ్‌లో మ్యూరెన్ గ్రామానికి ఎగువన, 2,970 మీటర్ల ఎత్తున్న షిల్ట్‌హార్న్ శిఖరం మీది తిరిగే రెస్టారెంట్. 1969 నాటి జేమ్స్ బాండ్ చిత్రం 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'లో ప్రతినాయకుడు బ్లోఫెల్డ్ స్థావరం ఇదే. పేరు కూడా ఇయాన్ ఫ్లెమింగ్ నవల నుంచి వచ్చిందే. షూటింగ్ నాటికి భవనం పూర్తి కాలేదు. మిగిలిన పనులకు, హెలిపాడ్‌కు సినిమావాళ్లు డబ్బు పెట్టి అక్కడ చిత్రీకరణ జరుపుకున్నారు.

మంచు మీద వెంబడించే దృశ్యాలను జర్మనీ ఒలింపిక్ స్కీయర్ విల్లీ బోగ్నర్ తీశాడు. కెమెరా చేతబట్టి, స్కీల మీద వెనక్కి జారుతూనే ఎదురుగా దూసుకొచ్చేవారిని చిత్రించేవాడు. అందుకే చూసేవారికి ఆ వాలు మీద తామే జారుతున్నట్టు ఉంటుంది. ఇంత గొప్ప పనితనమే స్కీయింగ్ అంటే వేగం, ప్రమాదం, విలాసం అనే ముద్రను బలపరిచింది. నిజానికి రిసార్టులకు వచ్చేవారిలో ఎక్కువమంది యంత్రాలతో చదును చేసిన వాలుల మీదే, నెమ్మదిగా జారుతారు. మంచుచరియలు విరిగిపడే విషయంలో సినిమా మరీ దారి తప్పించింది. అందులో బాండ్ మంచు కింద నుంచి లేచి వస్తాడు. వాస్తవంలో మంచు కింద కూరుకుపోయి పావుగంట దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది.

శిఖరం మీద ఇప్పుడు బాండ్ ప్రదర్శనశాల ఉంది. మ్యూరెన్ ఖ్యాతి మాత్రం సినిమా ఇచ్చింది కాదు: అక్కడి ఇన్‌ఫెర్నో స్కీ పందెం 1928లోనే మొదలైంది.