కారు స్టార్టు కాకపోతే: కారణం కనిపెట్టే క్రమం

ఇంటి ముందు నిలిపిన కారు అవసరమైన వేళకు కదలకపోవడం పట్టణవాసికి ఒక చికాకు. సరిహద్దు గ్రామంలో అదే పెద్ద ఆపద కావచ్చు. ఊరు ఒక రాష్ట్రంలో, పెద్దాసుపత్రి మరొక రాష్ట్రంలో, మెకానిక్ షెడ్డు ఎక్కడో దూరపు పట్టణంలో ఉండే తెలుగు కుటుంబాలు హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి, సిరొంచ ప్రాంతాల్లో అనేకం. అయితే కారు మొరాయించడానికి గల కారణాలు లెక్కలేనన్ని కావు. వరుస తప్పకుండా పరిశీలిస్తే వాటిలో అధిక భాగాన్ని ఇంటివారే గుర్తించగలరు. కొన్నింటిని స్వయంగా సరిచేసుకోగలరు. తక్కిన వాటి విషయంలో మెకానిక్‌కు ఫోనులోనే సరైన సమాచారం అందించగలరు.

ఇంజనుకు కావలసినవి

ఇంజను ప్రాణం పోసుకోవడానికి నాలుగు కావాలి: సెల్ఫ్ మోటారును తిప్పగల విద్యుత్తు, ఇంధనం, గాలి, ఇంధనాన్ని మండించే వేడి. పెట్రోలు కారులో ఆ వేడిని స్పార్క్ ప్లగ్గు రవ్వ ఇస్తుంది. డీజిల్ కారులో గాలిని గట్టిగా అదమడం వల్లనే ఆ వేడి పుడుతుంది. నేటి కార్లలో అయిదవది కూడా చేరింది: తాళంచెవిని గుర్తుపట్టి అనుమతినిచ్చే కంప్యూటరు.

1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును అమర్చేదాకా ఇంజనును హ్యాండిలుతో తిప్పడమే పద్ధతి. మన పల్లెల్లో జీపులకు, అంబాసిడర్లకు హ్యాండిలు వేసి తిప్పిన చేతులు ఇప్పటికీ ఉన్నాయి. అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. నేటి కార్లకు హ్యాండిలు పెట్టే చోటే లేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పెట్రోలు పంపు గాని కంప్యూటరు గాని పనిచేయవు.

మొదటి ప్రశ్న: సెల్ఫ్ తిరుగుతోందా?

తాళం తిప్పినపుడు ఇంజను తిరిగే శబ్దం వస్తున్నదా లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. శబ్దం రాకపోతే లోపం విద్యుత్తు వైపు ఉన్నదని, ఇంజను తిరుగుతూ కూడా అందుకోకపోతే ఇంధనం, రవ్వ, గాలి వైపు ఉన్నదని సాధారణంగా భావించవచ్చు. ఈ ఒక్క విభజనతో సగం పని పూర్తవుతుంది.

సెల్ఫ్ తిరగనపుడు

హెడ్‌లైట్లు వేసి, వాటిని చూస్తూ తాళం తిప్పాలి. ఫలితం నాలుగు విధాలుగా ఉంటుంది.

1. లైట్లు అసలే వెలగకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా దాని టెర్మినల్ ఊడి ఉండాలి.

2. లైట్లు వెలిగి, తాళం తిప్పగానే మసకబారి, టకటకమని వరుస శబ్దం వస్తే బ్యాటరీ బలహీనపడింది, లేదా టెర్మినళ్లకు పొక్కు పట్టింది.

3. లైట్లు తగ్గకుండా ఒక్కసారి మాత్రం టక్కుమంటే సెల్ఫ్ మోటారును గాని దాని సోలనాయిడ్‌ను గాని అనుమానించాలి.

4. లైట్లు చక్కగా ఉండి ఏ శబ్దమూ లేకపోతే ముందుగా తేలిక కారణాలు చూడాలి. అనేక కొత్త కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కనిదే సెల్ఫ్ తిరగదు. ఆటోమేటిక్ కారు గేరు పి లేదా ఎన్ స్థానంలో ఉండాలి. పి లో తిరగనిది ఒక్కోసారి ఎన్ లో తిరుగుతుంది. ఆ తరువాత ఫ్యూజు, తాళం స్విచ్చి చూడాలి.

బ్యాటరీ పరీక్ష

ఊరిలో మోటారు వైండింగు చేసేవారి వద్ద మీటరు ఉంటుంది. కొన్ని గంటలు నిలిపి ఉంచిన కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే పూర్తి చార్జి ఉన్నట్టు. 12.4 దగ్గర ఉంటే ముప్పాతిక వంతు. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తున్నపుడు సాధారణంగా 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే దోషం బ్యాటరీది కాదు, దానికి చార్జి ఇవ్వవలసిన ఆల్టర్నేటరుది. ఈ తేడా తెలియక కొత్త బ్యాటరీ కొని, వారం తిరగకుండానే మళ్లీ దారిలో నిలిచిపోయేవారున్నారు.

టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పేరుకున్న పొక్కును వేడి నీటిలో తినే సోడా కలిపి కడగాలి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకూడదు. విప్పేటపుడు నల్ల తీగను ముందు, బిగించేటపుడు చివర పట్టించాలి. నీరు పోసే మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయాలి. బోరు నీరు పనికిరాదు.

మరొక బండి సాయంతో

జంప్ కేబుళ్లతో చార్జి అందించేటపుడు రెండు బండ్లూ 12 వోల్టులవే కావాలి. ట్రాక్టర్లలో చాలా వరకు 12 వోల్టులవే. లారీలలో 24 వోల్టులు ఉంటాయి కనుక లారీ నుంచి కారుకు ఎన్నడూ కలపరాదు. బ్యాటరీపై రాసి ఉన్నది చదివిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

రెండు ఇంజన్లూ ఆపి ఉంచి, ఎర్ర తీగను ముందుగా దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల తీగను మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండవ కొనను నిలిచిన కారు ఇంజనుపై రంగులేని లోహ భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దగ్గరలో రవ్వ లేస్తే పేలిపోయే ప్రమాదం ఉంది. బీడీ, అగ్గిపుల్ల దరిదాపుల్లో ఉండరాదు. మంచి బండిని అయిదు నిమిషాలు నడిపి, ఆపై నిలిచిన కారు సెల్ఫ్ కొట్టాలి. తీగలను తగిలించిన వరుసకు సరిగ్గా తలకిందుల వరుసలో తీయాలి.

తోసి స్టార్టు చేయడం మాన్యువల్ గేర్ల కారుకే చెల్లుతుంది. తాళం ఆన్ చేసి, రెండవ గేరులో క్లచ్ తొక్కి ఉంచి, బండి వేగం అందుకున్నాక క్లచ్ వదలాలి. తాళం ఆన్ చేయకపోతే స్టీరింగు బిగుసుకుపోతుంది. ఆటోమేటిక్ కారును ఇలా తోయరాదు.

సెల్ఫ్ తిరుగుతూ అందుకోనపుడు

ముందు డ్యాష్‌బోర్డు చూడాలి. తాళంచెవి బొమ్మ మిణుకుమిణుకుమంటూ ఉంటే కారు తన తాళాన్ని గుర్తుపట్టలేదని అర్థం. రెండవ తాళంచెవితో ప్రయత్నించాలి. బటన్ స్టార్టు కార్లలో రిమోటులోని చిన్న బ్యాటరీ మార్చి చూడాలి.

పెట్రోలు కారులో తాళం ఆన్ చేయగానే వెనుక సీటు కింద రెండు మూడు సెకన్లు సన్నని జుమ్మనే చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే పంపు ఫ్యూజు, పంపు చూడాలి. పెట్రోలు వాసన గుప్పున కొడితే ఇంజనులో ఇంధనం ఎక్కువైంది. అటువంటపుడు యాక్సిలరేటరు చివరిదాకా తొక్కి సెల్ఫ్ కొడితే చాలా కార్లలో ఇంధనం ఆగి గాలి మాత్రమే లోపలికి పోతుంది.

డీజిల్ కారులో చలి ఉదయాన స్ప్రింగు బొమ్మ లైటు ఆరేదాకా ఆగాలి. అది హీటర్ ప్లగ్గుల గుర్తు. ట్యాంకు ఎండిపోయిన తరువాత డీజిల్ పోస్తే గొట్టాల్లో గాలి పడుతుంది. చేతి పంపు ఉంటే నొక్కి ఆ గాలిని వెళ్లగొట్టాలి. ఫిల్టరులో చేరిన నీటిని కింది మర విప్పి వదలాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల డీజిల్ కార్లలో కొన్నింటికి డీఈఎఫ్ అనే ద్రవం వేరే ట్యాంకులో పోయాలి. హెచ్చరికలను లెక్కచేయక అది పూర్తిగా ఖాళీ కానిస్తే, ఆపిన ఇంజను మళ్లీ స్టార్టు కాదు.

ఇంధనం ధర రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక సరిహద్దు అవతలి నుంచి డబ్బాల్లో తెచ్చి దాచుకునే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఆ మిశ్రమం విడిపోయి అడుగున చేరుతుంది. అగ్ని ప్రమాదం సంగతి చెప్పనక్కరలేదు. గడ్డివాము పక్కన నిలిపిన కారు బానెట్ కింద ఎలుకలు తీగలు కొరకడం కూడా తరచుగా కనిపించే కారణమే.

చేయకూడనివి

సెల్ఫ్‌ను ఒక విడతకు పది సెకన్లకు మించి తిప్పరాదు. విడతకు విడతకు కనీసం అర నిమిషం ఆగాలి. లేకుంటే మోటారు కాలిపోతుంది, ఉన్న కాస్త చార్జీ హరించుకుపోతుంది.

2022 జూలైలో గోదావరి వరదకు యానాం వీధులు నీట మునిగాయి. అలా నీరు చొరబడిన కారుకు సెల్ఫ్ కొట్టడం మహా నష్టం. నీరు అదిమినా కుదించుకుపోదు. అది సిలిండరులో ఉండగా ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పి, మెకానిక్‌ను పిలవడమే ఉత్తమం.

మెకానిక్‌కు చెప్పవలసినది

కన్నడంలో ‘గాడి స్టార్ట్ ఆగ్తా ఇల్ల’ అన్నా, తమిళంలో ‘వండి స్టార్ట్ ఆగల’ అన్నా, ఒడియాలో ‘గాడి స్టార్ట్ హేఉని’ అన్నా, మరాఠీలో ‘గాడీ చాలూ హోత్ నాహీ’ అన్నా మెకానిక్‌కు తెలిసేది సగమే. సెల్ఫ్ తిరుగుతోందా, లైట్లు మసకబారుతున్నాయా, ఏ బొమ్మ వెలుగుతోంది, ఇంధనం ఎంత ఉంది అన్న నాలుగు మాటలూ చెబితే అతడు తగిన సామాను వెంట తెచ్చుకుంటాడు. అనవసరపు మరమ్మతుల ఖర్చూ తప్పుతుంది.

ఇంట్లో ప్రాణాపాయ స్థితిలో రోగి గాని, నొప్పులు పడుతున్న గర్భిణి గాని ఉంటే ఈ పరీక్షలేవీ ముందు చేయరాదు. మొదట 108కి ఫోను చేయాలి, ఆ తరువాతే బానెట్ ఎత్తాలి. సరిహద్దులో సెల్ టవరు అవతలి రాష్ట్రానిదైతే ఫోను అక్కడి కేంద్రానికి చేరవచ్చు. కనుక రాష్ట్రం, జిల్లా, మండలం లేదా తాలూకా, ఊరు పేర్లు మొదటి మాటగానే చెప్పాలి. అంబులెన్సు దారిలో ఉండగా కారు స్టార్టయితే మంచిదే. కాకపోయినా కాలం వృథా కాదు.