గీటు పడిన పేరులు: పోలండు, 1989

1989వ సంవత్సరము జూను 4వ తేదీ ఆదివారమునాడు పోలండు దేశపు వోటరుల చేతికి వచ్చిన బ్యాలట్ పత్రములపై కావలసిన పేరునకెదురుగా గుర్తు పెట్టవలసిన పని లేదు; అక్కరలేని పేరులను కలముతో కొట్టివేసి, కావలసినదానిని మాత్రము విడిచిపెట్టవలెను. కోరిన గుర్తును ఎన్నుకొనుటకు అలవాటుపడిన మన వోటరులకిది వింతగా తోచును గాని, ఆ దేశమున నది కొత్త పద్ధతి కాదు. అంతకు పూర్వము నలువదేండ్లుగా, ప్రభుత్వమిచ్చిన జాబితాను, తెర చాటునకు పోకయే, ఒక్క గీటును పెట్టకయే, అందరి యెదుటను పెట్టెలో వేసి పోవుటయే ఉత్తమపౌరుని లక్షణమై యుండెడిది. తెర వెనుకకు పోయినవాడు అనుమానమునకు పాత్రుడగుచుండెను. కొట్టివేతకు చోటిచ్చిన ఆ పద్ధతి, కొట్టివేయ సాహసించువాడు లేడను ధీమాతోనే అంతకాలము నిలిచెను.

ఆ ధీమా సడలుటకు మూలము బాల్టిక్ తీరమందలి గ్డాన్‌స్క్ ఓడల కర్మాగారమున గలదు. లెనిన్ పేరు పెట్టుకొనిన ఆ కర్మాగారమున క్రేను నడుపు అన్నా వాలెంటినోవిచ్ అను కార్మికురాలిని, ఉద్యోగవిరమణకు కొలది నెలలే మిగిలియుండగా, 1980 ఆగస్టులో పనినుండి తొలగించిరి. ఆమెను తిరిగి చేర్చుకొనవలెనని మొదలైన సమ్మె, లెక్ వాలెసా యను ఎలక్ట్రీషియను నాయకత్వమున, ఆ నెల 31వ తేదీకి స్వతంత్ర కార్మికసంఘపు హక్కును సాధించి గాని చల్లారలేదు. కార్మికుల పేర రాజ్యమేలుచున్న కమ్యూనిస్టు పార్టీపై కార్మికులే తిరుగబడిరి. ఇంతకంటె గట్టి అభిశంసనమును ఏ పెట్టుబడిదారీ పత్రికయు వ్రాసి యుండజాలదు. సాలిడారిటీ యను ఆ సంఘమున సుమారు కోటిమంది చేరిరి. 1981 డిసెంబరు 13వ తేదీన దేశమునేలుచున్న జనరల్ జరుజెల్‌స్కీ సైనికశాసనమును విధించి, నాయకులను నిర్బంధించి, మరుసటి యేట సంఘమును నిషేధించెను. అయితే తుపాకి గొట్టమునుండి మాంసము రాలదు. కూపనులపై మాంసమును పంచుట 1989 వేసవి దాక సాగెను. విదేశీ ఋణము దాదాపు నాలుగువేల కోట్ల డాలర్లకు పెరిగెను. 1988లో రెండు మారులు సమ్మెలు చెలరేగగా, వాలెసా నిర్బంధమునకు బాధ్యుడైన హోంమంత్రి చెస్లావ్ కిష్చాకే యాతనిని మాటలకు పిలువవలసివచ్చెను.

1989 ఫిబ్రవరి 6 మొదలు ఏప్రిల్ 5 వరకు, 1955లో వార్సా సైనికసంధిపై సంతకములు జరిగిన సౌధముననే ఈ చర్చలు నడచెను. వానికై ప్రత్యేకముగా చేయించిన బల్లను గూర్చి ఒక మాట చెప్పవలెను. హెన్రికూవ్ కర్మాగారపు వడ్రంగులు దానిని 14 ముక్కలుగా చేసి తెచ్చి కూర్చిరి. వ్యాసము దాదాపు 9 మీటర్లు. చుట్టును 57 ఆసనములు. గుండ్రని బల్లకు అగ్రస్థానముండదు గనుక ఎవరు ముందు, ఎవరు వెనుక యను తగవు లేకపోయెను; చెరసాలకు పంపినవారును, పోయివచ్చినవారును ఒకే పంక్తిని కూర్చుండిరి. అయితే చిక్కుముడులు విడినది ఈ బల్ల యొద్ద కాదు. వార్సా నగరమునకు వెలుపల మగ్దలెంకా గ్రామమున, హోంశాఖవారి విడిదిలో, కొద్దిమంది మాత్రమే కూడిన రహస్యసమావేశములలో. ఆ రహస్యమే తరువాతి కాలమున నానానిందలకు కారణమయ్యెను.

కుదిరిన యొడంబడిక యిది: 460 స్థానములుగల సెయిమ్ అను దిగువసభలో 161 స్థానములకు మాత్రమే స్వేచ్ఛగా పోటీ, తక్కిన 299 పాలకపార్టీకిని దాని అనుబంధపక్షములకును ముందే కేటాయింపు, పునరుద్ధరించిన సెనేటులోని 100 స్థానములకును స్వేచ్ఛాపోటీ. ఓడినను ఓడని యెన్నికను కల్పించుకొంటిమని పాలకులు తలంచిరి.

సాలిడారిటీ అభ్యర్థులు వాలెసా ప్రక్కన నిలుచుండి ఫోటో తీయించుకొని ఆ పోస్టరులతోనే ప్రచారము సాగించిరి. రెండు విడతలు ముగియునప్పటికి వారికి సెయిమ్‌లోని 161 స్థానములకు 161యు, సెనేటులోని 100కు 99యు దక్కెను. అయినను పాలకులకు అసలైన దెబ్బ తగిలినది పోటీయే లేని చోట. ప్రధాని రకోవ్‌స్కీ, హోంమంత్రి కిష్చాక్ మొదలైన 35 మంది ప్రముఖుల పేరులతో ఒక జాతీయజాబితాను ప్రత్యేకముగా అచ్చువేసిరి. ప్రత్యర్థులు లేరు, సగముమంది వోటరులు కొట్టివేయకున్నచో చాలును. ఓపికగలవారు ఒక్కొక్క పేరును విడివిడిగా కొట్టివేసిరి. లేనివారు కాగితము మీద ఈ మూలనుండి ఆ మూలకు రెండు పెద్దగీట్లు గీచిరి. 33 మంది ఓడిపోయిరి. గెలిచిన యిద్దరిలో నొకరు, ఆ పెద్దగీటు జాబితా తుదనున్న తన పేరును తాకకపోవుటచేతనే గట్టెక్కెనని చెప్పుకొందురు. ఈ 33 స్థానములు ఖాళీపడగలవను ఊహయే శాసనకర్తలకు లేకుండెను గనుక, వానిని నింపు మార్గము చట్టమున లేదు. రెండు విడతల నడుమ దానిని సవరింపవలసివచ్చెను.

అదే జూను 4న బీజింగులో సైన్యము తియనన్మెన్ కూడలి పరిసరముల తన ప్రజలపైననే కాల్పులు జరిపెను. వార్సా పాలకులకును టాంకులు కలవు, వానిని వాడిన అనుభవమును కలదు. అయినను మరునాడే పార్టీ ప్రతినిధి టెలివిజనులో ఓటమిని ఒప్పుకొనెను. 1981లో జరుజెల్‌స్కీ చేసినదానిని సమర్థింప నాకు నోరు రాదు గాని, 1989లో వోట్ల లెక్కను శిరసావహించినందుకు ఆయన పద్దున కొంత జమ వ్రాయక తప్పదు.

ఈ సందర్భమున చరిత్రకారులు సోవియట్ నేత గోర్బచేవును, పోపు రెండవ జాన్‌పాల్‌ను స్మరింతురు, అది యుచితమే. నాకు మాత్రము మిక్కిలి ఆసక్తికరముగా తోచునది ఒక చిన్న కూడికలెక్క. జూలైలో జరుజెల్‌స్కీ ఒకే ఒక వోటు ఆధిక్యముతో అధ్యక్షుడయ్యెను. కిష్చాక్‌కు ప్రధానిపదవి దక్కెను గాని మంత్రివర్గము కుదరలేదు. ఏలయన, సెయిమ్‌లో కమ్యూనిస్టుల సొంత బలము 173 మాత్రమే. రైతుపార్టీకి 76, డెమొక్రాటిక్ పార్టీకి 27, పాలకపక్షమును అంటియున్న క్రైస్తవసంఘములకు 23. బహుపక్షవ్యవస్థ కలదని లోకమునకు చూపుటకై నలువదేండ్లుగా బొమ్మలకొలువున నిలిపినట్లు నిలిపిన పార్టీలివి. ఆగస్టులో వాలెసా మొదటి రెండింటిని తనవైపునకు పిలిచెను. 161కి 76ను, 27ను కూడిన 264. సభలో సగము 230. బొమ్మలు లేచి నడచెను. ఆ నెల 24వ తేదీన కాథలిక్ పత్రికాసంపాదకుడు తదేవుష్ మజోవియెత్స్కీ ప్రధాని యయ్యెను. సోవియట్ సేనలు కదలలేదు.

సెప్టెంబరు 12న సభలో ప్రసంగించుచు మజోవియెత్స్కీ కండ్లు తిరిగి వెలుపలకు పోయి, కొంతసేపటికి తిరిగివచ్చి, తన యారోగ్యమును దేశపు ఆర్థికస్థితితో పోల్చి సభను నవ్వించెను. నవ్వు ఎక్కువకాలము నిలువలేదు. 1990 జనవరి 1న ఆర్థికమంత్రి బాల్సెరోవిచ్ ప్రణాళిక అమలులోనికి రాగా, ఆ ఒక్క నెలలోనే ధరలు దాదాపు నూటికి 80 వంతులు పెరిగెను. దుకాణములలో సరకు నిండెను, వరుసలు మాయమయ్యెను. కర్మాగారములు మూతపడి, నిరుద్యోగమన్న నేమో యెరుగని తరము పని కొరకు తిరుగజొచ్చెను. సమ్మె చేసి పాతప్రభుత్వమును వంచిన కార్మికులే ఈ భారమును ముందుగా మోసిరి. నూతనపాలకులు దీనిని తగినంతగా గుర్తింపలేదని నా అభిప్రాయము. ఫలితము అనుభవించిరి కూడ. 1993 ఎన్నికలలో మాజీకమ్యూనిస్టుల కూటమి వోట్లతోనే తిరిగి యధికారమునకు వచ్చెను. 1990లో అధ్యక్షుడైన వాలెసా 1995లో అలెగ్జాండర్ క్వాష్నియెవ్‌స్కీ చేతిలో ఓడిపోయెను. ఈయన గుండ్రబల్ల యొద్ద ప్రభుత్వపక్షమున కూర్చుండినవాడు. 1997లో ప్రజాభిప్రాయసేకరణమున నెగ్గిన పోలండు ప్రజాస్వామ్యరాజ్యాంగముపై అధ్యక్షహోదాలో సంతకము చేసినదియు నీయనయే.